తేనెపట్టులో ఈగల భాగము



ఆశ్వయుజ మాసము వచ్చినది. వానలు వెనుకపట్టినవి. చెఱువులు నిండినవి. గట్లమీద తంగేడు పసుపు పూసినది. చేలలో గునుగు తెల్లగా తలయెత్తినది. పెరళ్లలో బంతి విరిసినది. ఆడబిడ్డలు పూలు గోసి బతుకమ్మను పేర్చు ఈ దినములలోనే మా సికిందరాబాదునందు మఱియొక పూలపండుగకు చుట్టములు దిగుదురు. 1806లో సికందర్ జా పేర వెలసి, నేటికిని జనులు లష్కరని పిలుచు ఈ పట్టణమున, పాత బాటల ప్రక్కనున్న మఱ్ఱికొమ్మలకును, రావికొమ్మలకును, ఎత్తైన నీటితొట్ల అడుగుభాగములకును నల్లని చేటలవలె తేనెపట్లు వ్రేలాడనారంభించును. నిన్న లేనిది నేడు కనబడును. మీ గ్రామములలోను చెఱువుకట్టమీది మఱ్ఱికి ఇట్టి చుట్టములు వచ్చుటను మీరెఱుగుదురు.

అవి వచ్చిన మఱునాడే వాని క్రింద నిలిచి "ఎంత తేనె యుండునో" అని లెక్కవేయువారు కొందఱు. "కాల్చివేయుడు, పిల్లలను కుట్టును" అనువారు కొందఱు. ఈ యిరువురి నడుమ మూడవ ప్రశ్న నొకదానిని నేడు మీ ముందుంచదలచితిని. ఆ పట్టులో మనుష్యుని భాగమెంత? ఈగల భాగమెంత? తేనె చరిత్ర యంతయు ఈ పంపకపు చరిత్రయేయని నా యభిప్రాయము.

తేనె మన యింటికి క్రొత్త వస్తువు కాదు. బిడ్డ పుట్టగనే జాతకర్మమున నేతితో గూడ నాలుకకు తాకించుటకు మన పెద్దలు విధించినది తేనె. (ఏడాది నిండని పసిబిడ్డకు తేనె పెట్టరాదని నేటి వైద్యులు కారణసహితముగా చెప్పుచున్నారు, ఆ మాట వినుట మేలు.) పెండ్లికి వచ్చిన వరునికి పెరుగుతో తేనెగలిపి యిచ్చు మర్యాద మధుపర్కము. ఆ వేళ పెట్టు క్రొత్తబట్టలకే నేడు ఆ పేరు నిలిచినది; తేనె మఱుగుపడినది. అభిషేకమున పంచామృతములలో తేనె యొకటి. వైద్యుడు కల్వమున నూఱిన మందును రంగరించుటకును తేనెయే.

ప్రాచీనులు దీనిని నాలుకతో మాత్రమేగాక కంటితోను పరిశీలించిరి. సుశ్రుతసంహితలో తేనె యెనిమిది విధములని చెప్పబడినది: పౌత్తికము, భ్రామరము, క్షౌద్రము, మాక్షికము, ఛాత్రము, ఆర్ఘ్యము, ఔద్దాలకము, దాలము. ఇందు పెక్కు పేరులు ఆ తేనెను కూర్చు ఈగల జాతులనుబట్టి వచ్చినవి. కౌటిల్యుని అర్థశాస్త్రమున రాజుగారి కోష్ఠాగారమందు నిలువచేయవలసిన వస్తువులలో తేనె యున్నది. కిష్కింధలో సుగ్రీవునకు మధువనమున్నదనియు, దానికి దధిముఖుడు కావలియనియు, సీతమ్మ జాడ తెలిసిన సంతోషమున వానరులు ఆ వనమును కొల్లగొట్టిరనియు సుందరకాండ విన్నవారందఱు నెఱుగుదురు. ప్రశ్నోపనిషత్తున మఱింత వింత గలదు. రాజైన తేనెటీగ లేచిన తక్కినవన్నియు లేచుననియు, అది నిలిచిన అన్నియు నిలుచుననియు, అట్లే ప్రాణమును ఇంద్రియములు అనుసరించుననియు అందు చెప్పిరి. చూచినది నిజము; ఒక్క విషయముననే పొరబడిరి. ఆ రాజు రాజు కాదు, రాణి. గ్రీకు దేశపు అరిస్టాటిలును రాజనియే తలచెను. పదునేడవ శతాబ్దమున స్వామర్డామను హాలెండు దేశపు వైద్యుడు దాని యుదరమును కోసి, అండకోశమును చూపి, అది స్త్రీయని నిర్ధారణచేసెను.

మన పల్లెలలో తేనె చేయు ఈగలు ముఖ్యముగా నాలుగు తెగలు. కొండచరియలకును పెద్ద మ్రాకులకును ఒంటి పట్టు కట్టి, రేగినపుడు మనుష్యుని తఱుమునది పెద్ద ఈగ. కంపచెట్ల కొమ్మలకు అరచేయియంత పట్టు కట్టునది చిన్న ఈగ. చెట్టుతొఱ్ఱలలోను, పుట్టలలోను, పాతగోడల సందులలోను వరుసగా పెక్కు పట్లు కట్టునది పుట్టతేనె ఈగ. కొండె లేక, చీమవలె నుండి, గోడరంధ్రములలో కొంచెము పుల్లని తేనె చేయు బుల్లి ఈగ నాలుగవది. వీనిలో పెట్టెలో నుంచి పెంచుటకు పూర్వమునుండి వీలైనది ముఖ్యముగా పుట్టతేనె ఈగయే. పెద్ద ఈగ వెలుతురుగల బయలునందే కాపురముండును. ఋతువు మాఱినపుడు దేశము మాఱును. దానిని పెట్టెలోనికి దింపవలెనని యత్నించినవారి యత్నములు ఫలింపలేదు.

పెంచుటకు ముందు మనుష్యుడు వేటాడెను. మధ్యప్రదేశమున పచ్‌మఢీ కొండగుహల గోడలపై తేనె కొట్టువారి బొమ్మలు ప్రాచీనులు వ్రాసినవి నేటికిని కనబడుచున్నవి. ఆ బొమ్మలలోని పని మన నల్లమలలో ఆగలేదు. కృష్ణానది కిరుదరులనున్న కొండలలో చెంచులు చరియపైనుండి తాళ్లమీద దిగి, పొగవేసి, పట్టు కోసి, బుట్టలో నింపుకొనుట తరతరములనుండి వచ్చిన విద్య. 1940 ప్రాంతమున హైదరాబాదు సంస్థానమునకు వచ్చి వారినడుమ నివసించిన ఆస్ట్రియా దేశీయుడు ఫ్యూరర్ హైమెండార్ఫు వారి జీవనమును గుఱించి 1943లో ఒక గ్రంథమును ప్రకటించెను. చరియలోనికి దిగువాని తాడును భార్య తోడబుట్టినవాడు, అనగా బావమఱిది, పట్టుకొనునని చెంచులను గుఱించి చెప్పుకొందురు. తన చెల్లెలి పసుపుకుంకుమలు ఆ తాటికి వ్రేలాడుచున్నవని వానికి తెలియును గదా! ఇంతటి ప్రాణభయముతో దిగినవాడు చేతికందినదంతయు కోసికొనిన మనము తప్పు పట్టుటెట్లు? అయినను ఆ తెగలలోని పెద్దలు అడవికి కొంత విడిచిపెట్టుమనియే పిల్లలకు చెప్పుదురు.

తేనెను దోచుటనుండి ఈగను పోషించుటకు మనుష్యుడు నడచిన త్రోవ చాల దీర్ఘమైనది. ఐగుప్తుదేశమున నియుసెర్రె యను రాజు కట్టించిన సూర్యాలయపు శిల్పములలో మట్టిగొట్టములవంటి గూళ్లనుండి తేనె తీయుట చెక్కబడినది. అది నాలుగువేల నాలుగువందల యేండ్లనాటి మాట. ఐరోపాలో రైతులు గడ్డితో అల్లిన బుట్టలను బోర్లించి వానిలో ఈగలను పెంచిరి. అక్కడ శరదృతువు వచ్చినదనగా ఈగలకు తీర్పుదినము వచ్చినట్లే. రైతు బుట్టలను ఒక్కొక్కటిగా ఎత్తి బరువు చూచును. మిక్కిలి బరువుగానున్న వానిలో తేనె మెండు గనుక వానిని ఎన్నుకొనును. మిక్కిలి తేలికగానున్నవి చలికాలము దాటలేవు గనుక వానిని సైతము ఎన్నుకొనును. నేలలో గుంట త్రవ్వి, గంధకము వెలిగించి, ఎన్నుకొన్న బుట్టలను దానిపై నుంచగా లోనివి యన్నియు చచ్చును. నడుమబరువు బుట్టలు మాత్రమే మఱుసటి వసంతమునకు మిగులును. ఎక్కువ కష్టించినదే ముందు చచ్చుట ఆ పద్ధతిలోని అన్యాయము. ఏటేట మేలైన వంశమును చంపి నడిమివానిని విత్తనమునకు విడుచుట వ్యవసాయమున ఎంతటి అవివేకమో రైతులగు మీకు నేను చెప్పనక్కఱలేదు.

ఈ హింస తప్పుటకు దారి చూపినవారిలో ఇరువురిని తలచుకొందము. మొదటివాడు స్విట్జర్లాండు దేశపు హ్యూబరు. ఆయన అంధుడు. బర్నెన్సు అను పరిచారకుడు చూచి చెప్పగా, తాను ప్రశ్నించి, ఆలోచించి, తేనెటీగల కాపురపు రహస్యములను 1792లో గ్రంథముగా ప్రకటించెను. రెండవవాడు అమెరికాలోని లాంగ్‌స్ట్రాతు అను క్రైస్తవ మతబోధకుడు. 1851లో ఆయనకు ఒక చిన్న కొలత తట్టినది. పట్టునకును పెట్టెగోడకును నడుమ అంగుళములో ఎనిమిదింట మూడుపాళ్ల సందు విడిచిన, ఈగలు దానిని త్రోవగా వాడుకొనును. అంతకు తక్కువైన జిగురుతో మూసివేయును. ఎక్కువైన అందు మఱియొక పట్టు కట్టును. ఈ కొలత ప్రకారము చట్రములను వ్రేలాడదీసిన ఒక్కొక్క చట్రమును పుస్తకపు పుటవలె పైకితీసి చూచి మఱల దించవచ్చును. 1852లో దానికి హక్కుపత్రము పొందెను. 1865లో హ్రుష్కా అనువాడు చట్రములను గిఱ్ఱున త్రిప్పి, పట్టు చెడకుండ తేనెను మాత్రమే రాల్చు యంత్రమును చూపెను. ఆనాటినుండి తేనెకొఱకు ఈగను చంపనక్కఱ లేకపోయినది. చంపుటకు బదులు లెక్క వచ్చినది: ఎంత తీయవచ్చును? ఎంత విడువవలెను?

శీతదేశములలో ఆ లెక్కను శరదృతువునందే తేల్చుదురు. ఏలయన అక్కడ మంచు కురియు నెలలలో పువ్వొక్కటియు నుండదు. ఈగ వాకిలి దాటలేదు. ఆ కాలమంతయు ఈగలు బంతివలె ఒకదానినొకటి క్రమ్ముకొని, రాణిని నడుమనుంచుకొని, ఱెక్కల కండరములను వణకించి వేడి పుట్టించుకొనును. వెలుపలనున్నవి లోనికిని, లోనివి వెలుపలికిని మాఱుచుండును. ఆ వేడికి ఇంధనము తేనెయే. మిక్కిలి చలిగల సీమలలో ఒక్క పెట్టెకు 30 కిలోగ్రాములకు మించి తేనె విడువవలసి యుండును. అందుచేత అక్కడి పెంపకందారు శరత్కాలమున పెట్టెను తూచును. తక్కువైనచో చిక్కని పంచదారపాకము పెట్టును. బలహీనమైన రెండు కాపురములను ఒకటిచేయును. ఎలుకలు దూరకుండ వాకిలిని ఇఱుకుచేయును. గాలివాలునకు చాటు కట్టును. ఈగలును తమ యేర్పాటు తాము చేసికొనును. పని చేయక తినుచుండు మగ ఈగలను గెంటివేయును. వేసవిలో పుట్టిన పని ఈగ ఆఱు వారములు బ్రతుకగా, శరత్తునందు పుట్టినది ఆఱు నెలలవఱకు బ్రతికి వసంతమును చూచును.

ఈ క్రొత్తవిద్య మన దేశమునకు వచ్చిన వైనమును చెప్పెదను. 1880 దాటిన తరువాత తంతితపాలా శాఖలోని డగ్లసు అను ఆంగ్లేయుడు వంగదేశమున పెట్టెలలో పెంపకమును ఆరంభించి, 1884లో చిన్న గ్రంథమును వ్రాసెను. అది అంతగా వేరుపాఱలేదు. దక్షిణమున తిరుచిరాపల్లి ప్రాంతమున న్యూటను అను క్రైస్తవ గురువు 1911 మొదలు 1917 వఱకు శ్రమించి, మన పుట్టతేనె ఈగ చిన్నదిగాన దానికి తగినట్లు చిన్న పెట్టెను కల్పించి పల్లెవారికి నేర్పెను. న్యూటను పెట్టె యను పేర అది దక్షిణదేశమున నేటికిని వాడుకలో నున్నది. 1928లో వ్యవసాయ విచారణ సంఘము దీనిని కుటీరపరిశ్రమగా ప్రోత్సహింపుమని చెప్పెను. 1934లో మహాత్ముడు స్థాపించిన అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘము తాను చేపట్టిన పరిశ్రమలలో దీనిని చేర్చెను. తరువాత ఆ భారము ఖాదీ గ్రామోద్యోగ సంస్థపై పడెను. ఏలూరు ప్రాంతమున విజయరాయిలో ఆ సంస్థవారి పెంపక కేంద్రము వెలసెను. 1962లో పూనాలో కేంద్ర పరిశోధనాలయము ఏర్పడెను. అడవితేనెను గిరిజనులకడ కొనుటకు 1956లో విశాఖపట్టణమున గిరిజన సహకార సంస్థ ఏర్పడినది.

ఇంతవఱకు బాగుగనే యున్నది. అయితే పెట్టె వచ్చినంత సులభముగా కాలజ్ఞానము రాలేదు. దీనికి సాక్షిని నేనే.

1986లో నేను సికిందరాబాదునకు ఉత్తరముననున్న ఒక గ్రామ పాఠశాలలో తెలుగు పండితుడనుగా నుంటిని. పాఠశాల తోటలో పిల్లలకు చూపుటకై ఒక పెట్టెను తెచ్చి, తొఱ్ఱలోని ఈగలను దానిలోనికి మార్పించితిని. పెంపకమును గుఱించి నాకు దొరకిన గ్రంథము శీతదేశమువారు వ్రాసినది. శరదృతువున తేనె విడువుము, వేసవిలో తీసికొనుము అని దాని సారాంశము. మాఘఫాల్గునములలో మామిడి, చైత్రమున వేప, వైశాఖమున కానుగ, చింత పూచినవి. పెట్టె బరువెక్కినది. శరత్తు చాల దూరముననున్నదని నమ్మి, జ్యేష్ఠమునకు ముందే చట్రములన్నిటిని తీసి తేనె పిండితిని. నాలుగు సీసాలు నిండినవి. పిల్లలు చేతులు నాకిరి, నేను గర్వించితిని. ఆషాఢమున ముసురు పట్టెను. పదిదినములు ఎడతెగక కురిసెను. తెఱపి యిచ్చినపుడు పోయి చూడగా పెట్టెలో ఈగ యొక్కటియు లేదు. ఎండిన పట్లలో తెల్లని పురుగులు సాలెగూడువలె దారములల్లుచుండెను.

తాటిచెట్లెక్కు వృద్ధ గౌడొకడు గోడమీదుగా చూచి నవ్వెను. "పంతులుగారూ, ఈగల గాసం అంత మీరే తీసుకుంటిరి. వానకాలం అవ్వి ఏం తిని బతుకుతయి?" అని యడిగెను. "వానకాలమున పచ్చదనముండును గదా, తాతా" అంటిని. "పచ్చగుంటది, పువ్వుంటదా? పువ్వున్న, వాన తేనెను కడిగిపోదా?" అనెను. అమరకోశము కంఠస్థముచేసి, తేనెటీగకు సరఘయని పేరున్నదని పిల్లలకు చెప్పిన నాకు, దాని యాకలి యే నెలలో వచ్చునో తెలియలేదు. అక్షరము రాని యా వృద్ధునికి తెలిసినది.

మన తెనుగుసీమలో ఈగలకు కఱవుకాలము హేమంతము కాదు, వర్షర్తువు. మృగశిరకార్తె మొదలు భాద్రపదము ముగియువఱకు ఎడతెగని జల్లు, పూల కొఱత. నడివేసవిలో ఎండకు నీటికఱవు మఱియొకటి. శరత్తు వచ్చునప్పటికి వారికి యిల్లు మూయునది, మనకు యిల్లు తెఱచునది. నువ్వు, కంది, పొద్దుతిరుగుడు, ఆపై ధనియాలు, కుసుమ మనకు చలికాలమందే పూచును. అరకులోయలో కార్తికమున వలిసెపూలు కొండవాలులను పసుపుచేయును. కుంకుడు చలికాలమున పూచును. పెద్ద ఈగలు ఆశ్వయుజమున మన మఱ్ఱిచెట్లకు వచ్చి, పూలు ముగిసి వానలు తగులువేళ లేచిపోవుటకు కారణమిదియే.

కావున శీతదేశమువారు శరత్తున చేయు యేర్పాటును మనము జ్యేష్ఠమునందే చేయవలెను. సూత్రము వారిది, తిథి మనది. వైశాఖమున తేనె తీయునపుడు పై యఱలోనిది మాత్రమే తీసి, పిల్లలుండు క్రింది యఱలోని తేనెను ముట్టరాదు. ఈగలు క్రమ్ముకొనలేని పట్లను, నల్లబడిన పాత పట్లను తీసివేయవలెను. లేనిచో మైనపుపురుగు చేరును. పెట్టె కాళ్లను నీటిగిన్నెలలో నుంచిన చీమలెక్కవు. వాకిలిని ఇఱుకుచేసి, కప్పుపై వాన నిలువకుండ చూడవలెను. ముసురు పెరిగి నిలువ తఱిగినచో, పంచదారయు నీరును సమపాళ్లుగా కాచి చల్లార్చిన పాకమును సాయంసమయమున పెట్టెలోపల నుంచవలెను. పగటివేళ బయటనుంచిన ఇతర పట్ల ఈగలు దోపిడికి వచ్చును. ఆశ్వయుజమున పెట్టె అడుగుపలకను గోకి శుభ్రపఱచి, ఉదయపుటెండ తగులునట్లు త్రిప్పి, క్రొత్త చట్రములిచ్చిన చాలును. మఱుసటి యేడు నేనట్లు చేసితిని. తేనె రెండు సీసాలే వచ్చినది. ఈగలు మాత్రము శ్రావణము దాటి నిలిచినవి.

ఆ తరువాత మనుష్యుని యాశకు సంబంధము లేని మఱియొక దెబ్బ తగిలినది. 1991, 92 సంవత్సరములలో దక్షిణదేశమున పుట్టతేనె ఈగలకు ఒక విషక్రిమి రోగము సోకెను. మొదట థాయిలాండులో గుర్తింపబడినందున దానిని థాయి రోగమని పిలిచిరి. పిల్లపురుగు నీటితిత్తివలె ఉబ్బి అఱలోనే చచ్చును. పదింట తొమ్మిది పెట్టెలు ఖాళీయైన ప్రాంతములుండెను. 1962లో నాటి పంజాబులోని నగ్రోటాలో విజయవంతముగా పాదుకొన్న ఐరోపా ఈగ, ఎక్కువ తేనె యిచ్చునదగుటచే, అటుపిమ్మట దక్షిణమునకును వ్యాపించినది. 2020లో కేంద్రప్రభుత్వము ఈ పరిశ్రమకు 500 కోట్ల రూపాయలు ప్రకటించినది. మేలే. కాని పరదేశపు ఈగ పెట్టెలో ఉండి, పోషకుని పాకముతో బ్రతుకగలదు. మన చెట్టుతొఱ్ఱలోని ఈగకు, మఱ్ఱికొమ్మమీది ఈగకు పోషకుడెవ్వడు? ఊరే పోషకుడు.

అందుచేత గ్రామపెద్దలగు మిమ్ము మూడు మాటలు వేడుకొనుచున్నాను.

మొదటిది: చీకటిరాత్రి కాగడాతో పట్టును కాల్చు పద్ధతిని మీ యూరిలో నిలిపివేయుడు. పెద్ద ఈగల పట్టులో తేనె కొమ్మనంటి పైభాగముననుండును, పిల్లలు క్రిందిభాగముననుండును. కాగడా రెండింటిని కాల్చును. ఒడలు కప్పుకొని, మంటలేని పొగవేసి, తేనెభాగమును మాత్రమే కోసి, పిల్లలున్న భాగమును విడిచిన ఈగలు మఱల వచ్చి కట్టుకొనును. అడవిప్రాంతములలో గిరిజనులకు ఈ విధానమును ఇటీవలి దశాబ్దములలో నేర్పుచున్నారు. తరతరములుగా చరియలు దిగినవారు నేర్చుకొనగా, మనము నేర్చుకొనరాదా? బడికి సమీపముననున్న పట్టు అపాయకరమైనచో తెలిసినవారిని పిలిపింపుడు. పిల్లలను ఱాళ్లు రువ్వనీయకుడు.

రెండవది: పూచిన చేలపై పురుగుమందును ఉదయపువేళ చల్లనీయకుడు. ఈగలు గూళ్లకు చేరిన సాయంకాలము చల్లవచ్చును. గుమ్మడి, దోస, పుచ్చ, పొద్దుతిరుగుడు, ఉల్లివిత్తనము వీని కాపు ఈగల రాకపోకలపై ఆధారపడినది. ఈగ తేనె యిచ్చుట మనకు కనబడును. కాయ కట్టించుట కనబడదు. కనబడని మేలే పెద్దది.

మూడవది: చెఱువుకట్టమీది కానుగను, వేపను, చింతను, మఱ్ఱిని నఱుకునపుడు అది యొక్క చెట్టే గదాయని యనుకొనకుడు. అది వైశాఖమున ఈగలు నిండించుకొను గాదె. గాదె పోయిన ఊరిలో ఆషాఢపు కఱవును దాటుటెట్లు?

ముగించుటకు ముందు మన ఇతిహాసపురాణములలోని రెండు దృష్టాంతములను జ్ఞప్తికి తెచ్చెదను. ఉద్యోగపర్వమున విదురుడు ధృతరాష్ట్రునితో, తుమ్మెద పూవును నొప్పింపక తేనె గ్రహించునట్లు రాజు ప్రజలనుండి పన్ను గ్రహింపవలెనని చెప్పెను. భాగవతమున ఏకాదశస్కంధమందు అవధూత యదురాజుతో, కూడబెట్టిన తేనెను ఈగ తాను తినక అన్యునిపాలు చేయునట్లు లోభి తన ధనమును పోగొట్టుకొనునని చెప్పెను. విదురుడు ఈగ పూవునుండి గ్రహించుటను చూచెను. అవధూత ఈగనుండి మనుష్యుడు గ్రహించుటను చూచెను. ఈ రెండింటిని కలిపి చదివిన మనకొక మూడవ నీతి దొరకును. ఈగ పూవుతో నెట్లు ప్రవర్తించునో, మనుష్యుడు ఈగతో నట్లు ప్రవర్తింపవలెను. పూవు వాడదు గనుకనే ఈగ మఱునాడును వచ్చును. పట్టు చెడకున్ననే మనమును మఱుసటి యేడు పోవచ్చును.

నాటి యా గౌడు నేడు లేడు. ఆయన గోడమీదుగా అడిగిన ప్రశ్న మాత్రము నాయొద్ద నున్నది. ఈ శరత్తున మీ యూరి మఱ్ఱికి చుట్టములు వచ్చి యుందురు. తేనె యెంత యని అడుగుటకు ముందు, వచ్చు వానకాలమున ఇవి యేమి తిని బ్రతుకునని ఒక్కసారి అడుగుడు. ఆ ప్రశ్నకు ఉత్తరువు చెప్పుకొన్న తరువాత మిగిలినదే మన భాగము.